ఆలస్యం లేని సెక్టార్

ఇంజనీర్ శవం లిఫ్ట్‌లో నిలబడే ఉంది.

తలుపులు తెరుచుకునేసరికి ఆయన మూలకి ఆనుకుని, టూల్ బ్యాగ్ గుండెలకి హత్తుకుని, ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకి ఒదిగి ఉన్నాడు. మెడ మీద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క. అది విషపు సూది పని అని మధ్యాహ్నం కాకముందే తేలింది.

"పోయే ముందు మనకి ఫోన్ చేశాడు," అన్నాడు చీఫ్. "రాడార్ తెరల వెనక తను పెట్టని పెట్టె ఒకటి ఉందన్నాడు. ఏ తెరో చెప్పేలోపే లైన్ కట్."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌కి ఆఫీసువాళ్ళు పెట్టిన కోడ్‌నేమ్ పెళ్ళికొడుకు. పెళ్ళయి ఇంకా నెల కాలేదు మరి. ఇంట్లో కొత్త కప్పులు డజను ఉన్నా, ఆ ఉదయం కూడా భార్యాభర్తలిద్దరూ ఒకే కప్పులో కాఫీ తాగారు. ఆఖరి గుక్క ఎవరిదని కాసేపు పోట్లాడుకున్నారు కూడా. ఆ నవ్వు అతని మొహం మీద ఇంకా మిగిలే ఉంది.

"చోటు, ఏరియా కంట్రోల్ సెంటర్," అన్నాడు చీఫ్. "మీ ఆవిడ పనిచేసే హాలే."

నవ్వు ఆరిపోయింది.

చీఫ్ మిగతాది గబగబా చెప్పేశాడు. శాంతి ఒప్పందం మీద సంతకాలకి పొరుగు దేశం ప్రతినిధులు ఈ మధ్యాహ్నమే ప్రత్యేక విమానంలో వస్తున్నారు. ఒక విదేశీ ముఠా ఆ విమానాన్ని గాల్లోనే మరో విమానంతో ఢీకొట్టించాలని చూస్తోంది. చూసేవాళ్ళకి అది ఎవరో కంట్రోలర్ చేసిన పొరపాటులా కనబడాలి. ముఠాలో మన మనిషి ఒకతె ఉంది, కోడ్‌నేమ్ నెమలి. కన్సల్టెంట్‌గా ఏడాది నుంచీ ఆ సెంటర్‌లోనే ఉంటోంది. ఆమె 'గాలి ఎటు?' అంటే, 'మీరు ఎటంటే అటు' అని బదులివ్వాలి.

కొత్తగా పెళ్ళైనవాడితో అనిపించాల్సిన మాట కాదది. కానీ ఆ పూట జోకులకి చీఫ్‌కీ ఓపిక లేదు.

నెరిసిన విగ్గు, గుబురు మీసం, చెవిలో కందిగింజంత ఇయర్‌పీస్‌తో పెళ్ళికొడుకు సెంటర్‌లో అడుగుపెట్టాడు. వేషం, విమాన నియంత్రణ సేవల పనితీరు చూడ్డానికి రెగ్యులేటర్ పంపిన ఆడిటర్. హాలు చీకటిగా, చల్లగా ఉంది. వరసగా తెరలు, వాటి ముందు మొహాలు. ఎవరూ గొంతు పెంచరు. గోడ మీద పెద్ద బోర్డు పచ్చగా వెలుగుతోంది: నేటి ఆలస్యం, సున్నా.

"గాలి ఎటు?" అంది పక్కన ఒక గొంతు. పట్టుచీర, ఎర్రటి పెదాలు, ఖరీదైన సెంటు. అతను చెప్పాల్సింది చెప్పాడు. ఆమె చనువుగా మోచెయ్యి పట్టుకుని నడిపించింది.

సూపర్‌వైజర్ వినేలా టార్గెట్ల గురించి పాఠం చెప్పింది. విమానాలు ఇన్ని నిమిషాలకి మించి ఆలస్యం కాకూడదని రెగ్యులేటర్ పరిమితి పెట్టింది. దాటితే సెంటర్‌కి ఫీజులో కోత, సిబ్బందికి బోనస్ గల్లంతు. అందుకే ఇప్పుడు సెక్టార్‌లోకి, అంటే తమ వంతు ఆకాశంలోకి, వచ్చే విమానాన్ని ఆపాలంటే కంట్రోలర్లకి చెయ్యి రాదు. ఒకప్పుడు షిఫ్ట్ మారేటప్పుడు, వచ్చేవాళ్ళు వెళ్ళేవాళ్ళ పక్కనే కూర్చుని, ఆకాశమంతా బుర్రలోకి ఎక్కేదాకా విని, అప్పుడు మైకు అందుకునేవారు. "ఒక కుర్చీకి రెండు జీతాలు దండగ అన్నాను," అంది నెమలి. "ఇప్పుడు ఒకరు లేస్తారు, ఒకరు కూర్చుంటారు. అంతే."

ఇదే మాట భార్య ఇంట్లో కోపంగా చెప్పినప్పుడు పెళ్ళికొడుకు ఊఁ కొట్టాడు. ఆరబెట్టుకుంటున్న ఆమె జుట్టు వంక చూస్తూ సగమే విన్నాడు. ఆ సగం ఇప్పుడు గుర్తొచ్చింది.

నాలుగో సెక్టార్ తెర వెనక వాళ్ళు ఆగారు. ఆ కుర్చీలోని పొడుగాటి కంట్రోలర్ ప్రత్యేక విమానాన్ని ఇరవై తొమ్మిది వేల అడుగులకి దిగమన్నాడు. సరేనన్నాడు పైలట్. తెర మీద అంకె తగ్గుతూ వచ్చి, ఇరవై తొమ్మిది దగ్గర నిలిచింది. అతను హెడ్‌సెట్ తీసి లేచాడు. ఆ కుర్చీలో పెళ్ళికొడుకు భార్య కూర్చుంది. వెనక్కి చూడలేదు.

అంకె ఒక్కసారి మినుకుమని, ముప్పై ఒకటి అయింది.

వెళ్ళినతను దాన్ని చూడలేదు. వచ్చినామె ముందు అంకెని చూడలేదు. రెండూ చూసినవాళ్ళు హాల్లో ఇద్దరే. ఆ రెండో మనిషి సెంటు వాసన అతనికి బాగా దగ్గరైంది. పక్కటెముకల మీద సన్నగా ఏదో గుచ్చుకుంది.

"ఇంజనీర్ కూడా ఇలాగే నా పక్కన నిలబడ్డాడు," అని గుసగుసగా అంది నెమలి. "ఊరికే చూడండి."

చావంటే ఇంత భయం అతనికి ఎప్పుడూ లేదు. నెల కిందటిదాకా పోగొట్టుకోడానికి ఏమీ లేదు కాబట్టి.

రోజూ ఆ చోటే పైకి వెళ్తానని అడిగే ప్రయాణికుల విమానం, ఆ రోజూ అడిగింది. ఎదురుగా వస్తున్న ప్రత్యేక విమానం తెర మీద ముప్పై ఒకటిలో ఉంది. ఇరవై తొమ్మిది ఖాళీ. అక్కడికి ఎక్కమని భార్య నెమ్మదిగా అనుమతి ఇచ్చింది. విమానం ఎక్కడం మొదలుపెట్టింది.

"ఆ ప్రత్యేక విమానాన్ని ఎత్తు అడుగు," అన్నాడు పెళ్ళికొడుకు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. సూది చొక్కా దాటింది.

కంట్రోలర్‌తో మాట్లాడకూడదని, ఆలస్యమవుతుందని సూపర్‌వైజర్ గొణిగాడు.

"తెర మీద కనబడుతోంది కదండీ, ఆడిటర్ గారూ," అంది భార్య.

అతను మీసం పీకేశాడు. "నేనే."

"తెలుసు. నువ్వు లోపలికొచ్చినప్పుడే తెలుసు, ఆ నడక నాకు తెలీదా. ఆ కన్సల్టెంట్‌తో నీకేం పని?"

"తర్వాత చెప్తా. ముందు అడుగు. బతిమాలుతున్నా."

భర్త గొంతులో ఆ వణుకు ఆమె ఎన్నడూ వినలేదు. మరో మాట లేకుండా మీట నొక్కి ఎత్తు అడిగింది.

"ఇరవై తొమ్మిది వేలు," అన్నాడు పైలట్.

ఆమె కుర్చీని వెనక్కి తన్ని లేచింది. చక్రాల కుర్చీ దూసుకొచ్చి నెమలి మోకాళ్ళకి తగిలింది. సూది నేలమీద పడి టప్పున విరిగింది. వెనక జరుగుతున్న పెనుగులాట వైపు ఆమె తల తిప్పలేదు. ప్రయాణికుల విమానాన్ని వెంటనే కిందికి దిగమంది, కుడికి తిరగమంది. కూరగాయల బేరమాడినంత తాపీగా ఉంది గొంతు.

తెర మీద రెండు చుక్కలు ఒకదాని మీదికి ఒకటి వచ్చాయి. ఒకటయ్యాయి.

మళ్ళీ రెండయ్యాయి.

"ఇప్పుడు మా నెత్తి మీంచి పోయినవాళ్ళెవరండీ?" అన్నాడు ప్రయాణికుల విమానం పైలట్. "వాళ్ళ విమానం పొట్ట మీద గీతలు కూడా కనబడ్డాయి."

"నా సెక్టార్‌లోకి ఇంక ఒక్క విమానం రాకూడదు," అంది ఆమె. సూపర్‌వైజర్ టార్గెట్ అంటూ ఏదో మొదలుపెట్టి, ఆమె మొహం చూసి, అన్నిటినీ ఆపించాడు.

నెమలిని బేడీలతో తీసుకెళ్ళారు. తెర వెనక, అంకె మార్చిన పెట్టె దొరికింది. భార్య వెంటనే వెళ్ళిపోలేదు. బదులు వచ్చినామెని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో విమానం సంగతీ విడమరిచి చెప్పి, అప్పుడు మైకు అప్పగించింది. కారిడార్‌లోకి వచ్చాక గోడకి ఆనుకుని నేలమీదే కూర్చుంది. పెళ్ళికొడుకు పక్కన చతికిలబడి, చెయ్యి పట్టుకున్నాడు.

"వాటర్ ప్యూరిఫైయర్లు అమ్ముతానన్నావు," అంది ఆమె.

"సేల్స్ బాగోలేవు."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. విగ్గు లాగి అవతల పారేసి, అతని జుట్టు సరిచేసింది.

ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. సెంటర్ మాత్రం ఆ నెల ఆలస్యాల టార్గెట్ ఘోరంగా తప్పింది. కారణం చెప్పమని రెగ్యులేటర్ అడిగితే, జరిగింది రహస్యం కాబట్టి సూపర్‌వైజర్ చాలాసేపు తల పట్టుకుని, చివరికి చెప్పాడు: కుటుంబ కారణాలు.