రజని పక్కన చోటు

ఆరో తరగతిలో హిందీ పీరియడ్ నడుస్తోంది.

"నిన్న నిన్ను తీసుకెళ్లడానికి ఎవరొచ్చారు?" అని మేడమ్ హిందీలో అడిగారు.

చివరి బెంచీలో రజనీకుమారి లేచి నిలబడింది. వాళ్లు శ్రీకాకుళం నుంచి భిలాయి వచ్చి కొన్ని వారాలే అయింది. ఆమెకు హిందీ అంతంత మాత్రం.

"మేరా మా ఆయా" అంది.

'మా అమ్మ వచ్చాడు' అన్నట్టుంది ఆ మాట. క్లాసంతా గొల్లుమంది. ముందు బెంచీలో ఉన్న బిందుప్రియ అందరికంటే గట్టిగా నవ్వింది. భోజనాల వేళ రజని గొంతుతో అదే మాట అని చూపించింది కూడా. సాయంత్రానికల్లా క్లాసులో అందరూ రజనిని 'మేరా మా' అని పిలవడం మొదలుపెట్టారు.

ఆ మర్నాటి నుంచి రజని బడికి రాలేదు. బిందు ఆ సంగతి పట్టించుకోలేదు. ఆమె ధ్యాసంతా ఆదివారం మీదే ఉంది.

ఆ రోజు వాళ్ల తెలుగు చర్చిలో పిల్లలంతా కలిసే కూడిక జరగబోతోంది. సండే స్కూల్ టీచర్ సత్యవాణి ఆంటీ పిల్లలకు తలా ఒక తెలుగు కార్డు ఇచ్చి, "మీ ఫ్రెండ్స్‌ని పిలవండి" అని చెప్పారు. ఎలాగైనా ఒకరిని తీసుకెళ్లాలని బిందు పట్టుదలగా ఉంది. తెలుగు వచ్చిన అమ్మాయి ఎవరా అని ఆలోచిస్తే రజని గుర్తొచ్చింది.

సాయంత్రం కార్డు పట్టుకుని వైశాలి నగర్‌లో రజని వాళ్ల ఇంటికి వెళ్లింది. రజని నాయనమ్మ గున్నమ్మ తలుపు తీసింది.

"రజని స్నేహితురాలివేటి? రా తల్లీ, రా. బడికెళ్లనని మంకుపట్టు పట్టింది. ఊరెళ్లిపోదామంటంది. నువ్వైనా చెప్పు."

రజని లోపలి నుంచి వచ్చింది. బిందు కార్డు ఇచ్చి, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది. "సండే మా చర్చికి రా. పాటలుంటాయి. ప్రభువు అందరినీ ప్రేమిస్తాడు, సచ్చీ, నిజంగా!"

రజని కార్డు చూసింది. "కింద ఏటి రాసుంది? నువ్వే చదువు."

బిందు తడబడింది. భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం సరిగ్గా రాదు. "మీ... కోసం... చాటు ఉంది."

రజని నవ్వలేదు. అక్షరం మీద వేలు పెట్టింది. "చా కాదు, చో. చోటు. మీ కోసం చోటు ఉంది."

తరవాత మెల్లగా అడిగింది. "మీ చర్చిలో కూడా నా మాటలకి నవ్వుతారేటి?"

బిందు ముఖం వేడెక్కింది. గిరుక్కున తిరిగి ఇంటికి వచ్చేసింది.

ఇంట్లో నాన్న సురేంద్రనాథ్ అప్పుడే స్టీల్ ప్లాంటు డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నాడు. బిందు ఆయన పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. తను నవ్విన సంగతీ, వెక్కిరించిన సంగతీ దాచలేదు.

ఆయన కోప్పడలేదు. "బడికి రావడానికే ఆ పిల్లకి భయమేస్తంటే, చర్చికేటి వస్తాది? ముందు బడి సంగతి చూడమ్మా."

ఆ పూట కుటుంబ ప్రార్థనలో 'రజని ఆదివారం వచ్చేలా చెయ్యి ప్రభువా' అనబోయి బిందు ఆగిపోయింది. "నాకు ధైర్యం ఇవ్వు" అని మాత్రం అంది.

మర్నాడు బడికి వెళ్లే ముందు రజని ఇంటికి వెళ్లింది.

"ఆ పేరు పెట్టింది నేనే. సారీ. బడికి రా, నీ పక్కన కూర్చుంటాను."

రజని తలుపు వేసుకుంది.

ఆ తరవాతి రోజు బిందు మళ్లీ వెళ్లింది. తలుపు తెరుచుకోలేదు. ఇంకో రోజు కూడా వెళ్లి గుమ్మం ముందు నిలబడింది. ఆ రోజు రజని బ్యాగు తగిలించుకుని బయటికి వచ్చింది.

క్లాసులోకి అడుగు పెట్టగానే మహేశ్ అరిచాడు. "మేరా మా ఆయా!"

బిందు అందరికీ వినబడేలా హిందీలో అంది. "ఆ మాట మొదలుపెట్టింది నేను. తప్పు నాది. ఇంక ఎవరూ అనొద్దు."

"అరే, నువ్వే కదా నేర్పించావ్! ఇప్పుడు టీచరమ్మవా?" అన్నాడు మహేశ్. ఈసారి అందరూ బిందును చూసి నవ్వారు.

బిందు ముందు బెంచీలోని తన పుస్తకాలు తీసుకుని చివరి బెంచీకి నడిచింది.

ఆ రోజు హిందీ పాఠం పైకి చదవడానికి రజని వంతు వచ్చింది. ఒక మాట దగ్గర ఆగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. బిందు ఆ మాట కింద వేలు పెట్టి, మెల్లగా పలికి చూపించింది. రజని ఊపిరి పీల్చుకుని మళ్లీ చదివింది. ఆగుతూ ఆగుతూనే, పేరా చివరిదాకా చదివింది.

గంట కొట్టాక రజని అడిగింది. "ఆదివారం రమ్మని మళ్లీ అడగనేదేటి?"

"నీకు రావాలనిపిస్తే రా" అంది బిందు. "రాకపోయినా నేను ఈ బెంచీలోనే కూర్చుంటాను."

రజని కాస్త జరిగి, బిందు బ్యాగు పెట్టుకోవడానికి చోటిచ్చింది.