నాడి ఎనభై నాలుగు

సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు!

పట్టపగలే చీకటి... ఆకాశమంతా కాటుక పూసినట్టు కారుమేఘాలు కమ్ముకున్నాయి. ఉరుము ఉరిమినప్పుడల్లా ఆ ప్రసూతి ఆసుపత్రి కిటికీ అద్దాలు గజగజ వణుకుతున్నాయి. పొద్దు గుంకకముందే ఒక గుడ్లగూబ వచ్చి పిట్టగోడ మీద వాలింది. లోపల ఎవరి వంతో తనకు తెలుసన్నట్టు కర్ణకఠోరంగా కూసింది... ఒకసారి కాదు, ఏడుసార్లు!

భవనం అడుగున, నేలమాళిగలో, పాత కేస్ షీట్లు దాచే రికార్డుల గది ఉంది. ఆ గదికో గుమాస్తా. సన్నటి మనిషి, మహా మర్యాదస్తుడు, పలకరిస్తే తల వంచి నవ్వుతాడు. ఆసుపత్రిలో అందరూ అతన్ని 'దుమ్ము గుమాస్తా' అని వేళాకోళం చేస్తారు. పాపం, వాళ్ళకేం తెలుసు! ఈ క్షణాన ఆ మర్యాదస్తుడు తలుపు గడియ వేసుకుని, ఇనుప బీరువా వెనక నగ్నంగా నేల మీద కూర్చున్నాడు. అతని ఎదుట ఒక కపాలం... దాని కంటిగుంతల్లో నూనె దీపాలు... చుట్టూ, చుట్టగా చుట్టి నల్లదారంతో బిగించిన ఆరు కేస్ షీట్లు!

ఒక్కో షీటూ ఒక్కో తల్లి. ఆరుగురూ తమ కాళ్ళ మీద నడిచి ఈ ఆసుపత్రిలోకి వచ్చినవాళ్ళు. ఆరుగురూ ముఖం మీద గుడ్డ కప్పించుకుని బయటికి వెళ్ళినవాళ్ళు.

మూడేళ్ళ కిందట మొదటి బాలింత రక్తం పోయి చనిపోయినప్పుడు, ఆసుపత్రి పెద్ద డాక్టరుకి ముచ్చెమటలు పట్టాయి. విచారణ అంటున్నారు, నిర్లక్ష్యం అంటున్నారు! అప్పుడు దుమ్ము గుమాస్తా చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "ఆవిడ షీటు నాకిచ్చెయ్యండి సార్. ఆవిడ నోరు నేను కట్టేస్తాను. ఎవరొచ్చి చూసినా అందులో రాసిందే కనబడుతుంది, జరిగింది కనబడదు" అన్నాడు. డాక్టరు ఇచ్చేశాడు. విచారణకి వచ్చినవాళ్ళు షీటు చూసి, అన్నీ సవ్యంగానే ఉన్నాయని తల ఊపి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఇంకో తల్లి... ఇంకో తల్లి... డాక్టరుగారు ప్రతిసారీ చేతులు దులుపుకుని హాయిగా భోజనానికి వెళ్ళారు.

ఆ ఘోరవిద్యకి మంత్రం కన్నా ముఖ్యమైన దినుసు ఒకటుంది. అది అబద్ధం! చూడకుండానే చూశానని ఒక చేయి రాసిన అంకె. ఆ అంకే ప్రేతాత్మకు ఉరితాడు. ఆరు షీట్ల మీదా ఆ అంకెలు రాసింది ఒకే చేయి. ఇక మిగిలింది ఏడోది. అది మాత్రం ఆ రాసిన చేతికి సొంత మనిషిది కావాలి. ఆమె ఆఖరి శ్వాస విడిచిన మరుక్షణం కపాలంలోని క్షుద్రశక్తి అతనికి దాసోహమంటుంది... అతనికిక మరణం లేదు!

ఆ ఏడో షీటు ఇప్పుడే అతని ఒళ్ళోకి వచ్చింది. వెచ్చగా, ఇంకా సిరా ఆరకుండా!

అదెలా వచ్చిందో చెప్పాలంటే మనం రెండంతస్తులు పైకెక్కి కాన్పుల వార్డులోకి వెళ్ళాలి.

అక్కడ పెద్ద నర్సు ఉంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఆమె చేతుల మీదుగా పుట్టిన పిల్లలతో ఒక ఊరు కట్టొచ్చు. సరిగ్గా నాలుగు గంటలకి ఆమె సొంత కోడలు ప్రసవించింది. ఆడపిల్ల!

కాన్పయిన రెండు గంటల వరకూ పదిహేను నిమిషాలకోసారి బాలింత నాడి పట్టుకుని చూడాలి. రక్తపోటు చూడాలి. పొట్ట మీద చేయి వేసి గర్భసంచి గట్టిపడిందో లేదో చూడాలి. చూసి షీటులో రాయాలి. ఇది పుస్తకంలో ఉన్న పద్ధతి. నలభై మంచాలకి ఇద్దరే నర్సులున్న ఆ వార్డు పద్ధతి వేరు. బిడ్డ బయటపడగానే ఎనిమిది వరుసలూ ఒకేసారి నింపేస్తారు. నాలుగుంబావు, నాడి ఎనభై నాలుగు, రక్తస్రావం మామూలు. నాలుగున్నర, నాడి ఎనభై నాలుగు, మామూలు. అలా ఆరు గంటల దాకా! షీటు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండి ఉంటే పెద్ద డాక్టరు అడక్కుండా సంతకం పెడతాడు. ఆయన చూసేది కాగితాన్నే, మనిషిని కాదు.

ఆ రోజు మనవరాలు పుట్టిన సంబరంలో పెద్ద నర్సు పెన్ను తీసింది. కోడలి షీటు మీద ఎనిమిది వరుసలూ గబగబా నింపేసింది! పరాయివాళ్ళకి రాసి రాసి అలవాటుపడిన చేయి, సొంత మనిషి దగ్గర కూడా ఆగలేదు. బిడ్డను ఎత్తుకుని, వరండాలో పచార్లు చేస్తున్న కొడుక్కి చూపించడానికి పరుగున వెళ్ళింది.

"అమ్మా, అది క్షేమమేనా?" అన్నాడు కొడుకు, బిడ్డ కన్నా ముందు భార్య సంగతే అడుగుతూ.

"లక్షణంగా ఉందిరా. నేనుండగా దానికేం?"

బిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టి తిరిగి వచ్చేసరికి నాలుగూ ఇరవై అయిదు. మంచానికి తగిలించిన షీటు లేదు. గుమాస్తా వచ్చి, నిండిపోయింది కదా అని డాక్టరు సంతకానికి పట్టుకెళ్ళాడట. కోడలు కళ్ళు మూసుకుని ఉంది. పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి. మంచం కింద ఏదో చప్పుడు... టప్... టప్... టప్...

పెద్ద నర్సు వంగి చూసింది. రక్తం!

నాడి పట్టుకుంది. నూట ముప్ఫై దాటి పరుగెడుతోంది! పొట్ట మీద చేయి వేస్తే గర్భసంచి తడిగుడ్డలా మెత్తగా జావగారిపోయి ఉంది. రెండు చేతులా గట్టిగా రుద్దుతూ, "ఇంజెక్షన్! రక్తం సీసాలు తెప్పించు! త్వరగా!" అని రెండో నర్సుని కేకేసింది.

"అత్తయ్యా... చలేస్తోంది..." గొణిగింది కోడలు.

"భయపడకమ్మా. నేనున్నాను. కళ్ళు తెరువు... నా వైపు చూడు తల్లీ!"

కోడలు కళ్ళు తెరిచింది. ఆ కళ్ళలో నల్లగుడ్లు లేవు!

ఫెళఫెళమంటూ పిడుగు పడింది. దీపాలు ఆరి వెలిగాయి. లేవలేని ఆ బాలింత నిట్టనిలువుగా లేచి కూర్చుంది. ఆమె గొంతులోంచి ఒకటి కాదు, ఆరు గొంతులు ఒక్కసారిగా వెలువడ్డాయి...

"నాడి ఎనభై నాలుగు! మామూలు! అంతేగా... అలాగే రాశావుగా!"

పెద్ద నర్సు ఒక అడుగు వెనక్కి వేసింది.

"పదిహేను నిమిషాలకోసారి చూశావుగా! మేం చచ్చిపోయాక కూడా మా నాడి ఎనభై నాలుగేగా!" వికృతంగా నవ్వాయి ఆ గొంతులు. నవ్వుతూనే ఏడ్చాయి. "మా నోళ్ళు కట్టేశాడే వాడు... చావు అంచున ఉన్న దీని నోరొక్కటే ఇంకా కట్టలేదు. కింద... కపాలం దగ్గర... నీ రాత విప్పు! నీ రాతే మా ఉరి! విప్పకపోతే ఇది ఏడోది!"

కోడలు మొదలు నరికిన చెట్టులా వెనక్కి పడిపోయింది. రక్తం ఆగలేదు.

పెద్ద నర్సు పెద్ద డాక్టరు గదికి ఫోన్ చేసింది. "సార్, నా కోడలికి రక్తం కట్టడం లేదు. వెంటనే రండి!"

"ఇప్పుడేగా సంతకం పెట్టాను. షీటులో అన్నీ మామూలుగానే ఉన్నాయిగా!"

"ఆ షీటు అబద్ధం సార్! చూడకుండా రాశాను!"

"నీకు కంగారెక్కువైంది. అలాంటి మాటలు పైకి అనకు" అని ఫోన్ పెట్టేశాడు.

పెద్ద నర్సు రెండో నర్సు చేతులు తీసి కోడలి పొట్ట మీద పెట్టింది. "నొక్కి పట్టుకో. ఆకాశం విరిగి మీద పడినా చేయి తియ్యకు!" అని చెప్పి మెట్ల వైపు పరుగుతీసింది.

నేలమాళిగ తలుపు ఆమె తాకకుండానే తెరుచుకుంది. చితి పొగ లాంటి వాసన గుప్పుమంది. కపాలం కళ్ళలో దీపాలు ఎర్రగా ఎగిశాయి.

"రండి రండి!" గుమాస్తా మర్యాదగా తల వంచాడు. "మీ కోసమే చూస్తున్నాను. ఇంకో పది నిమిషాల్లో అయిపోతుంది."

"ఆ షీట్లు ఇలా ఇవ్వరా, దుర్మార్గుడా!"

"నన్ను తిడతారేంటమ్మా? రాసింది మీరు, సంతకం ఆయనది. నేను దారం కట్టానంతే!" అతని నవ్వు గోడలకు కొట్టుకుని తిరిగి వచ్చింది. "ఇవ్వడానికి నాకేం అభ్యంతరం? వాటి మీద నిజం రాస్తారా? రాయండి! ఆరుగురి ప్రాణాలు మీ మెడకి చుట్టుకుంటాయి. ముప్ఫై ఏళ్ళ పేరు మట్టిలో కలుస్తుంది. జైలుకెళ్తారు. మీ కొడుకు మీ మొహం చూస్తాడా?"

ఆమె అక్కడే ఆగిపోయింది. నిజమే... కొడుకు మొహం కళ్ళ ముందు మెదిలింది. భయం వేసింది. ప్రేతాలకన్నా, కపాలం కన్నా ఎక్కువ భయం వేసింది. వరండాలో నిలబడ్డ కొడుక్కి, "నేను చూడలేదురా" అని ఎలా చెప్పడం?

కానీ పైన రక్తం కారుతూనే ఉంది...

ఒక్క ఉదుటున దూకి షీట్లన్నీ లాక్కుంది. గుమాస్తా వికటంగా మంత్రం జపిస్తూ వేలు చూపించాడు. "హూం!" ఆమె కుడిచేయి మోచేతి దాకా కొయ్యలా బిగుసుకుపోయింది! పెన్ను జారి కింద పడింది. ఆమె మోకాళ్ళ మీద కూలబడి, ఎడమ చేత్తో పెన్ను తడిమి అందుకుంది. మొదటి షీటు మీది దారం పళ్ళతో కొరికి తెంపింది. ఎనిమిది వరుసల మీదుగా అడ్డంగా గీత కొట్టి, పసిపిల్లలు రాసినట్టు వంకరటింకర అక్షరాలతో రాసింది.

'నాడి చూడలేదు. ముందే రాశాను.' కింద తన సంతకం!

గదంతా దద్దరిల్లేలా ఒక స్త్రీ కేక! బీరువాలు ఊగిపోయాయి.

"వద్దు!" గుమాస్తా ఆమె మీదికి దూకబోయాడు, లేచిన తల్లి అడ్డం నిలబడింది. రెండో షీటు... మూడోది... ఒక్కో దారం తెగుతున్నకొద్దీ ఒక్కో తల్లి చీకట్లోంచి లేస్తోంది. విరబోసుకున్న జుట్టు, ఆసుపత్రి గౌను, చీలమండల దాకా రక్తం... నాలుగు... అయిదు... ఆరోది నెల కిందట పోయిన బడి టీచరమ్మది. దాని మీద గీత కొడుతుంటే పెద్ద నర్సు కళ్ళు నీళ్ళతో మసకబారాయి. ఏడోది కోడలిది. గుమాస్తా దానికి ఇంకా దారం కట్టనేలేదు! దాని మీదా గీత కొట్టింది. ఆ గీత పడగానే ఆమె కుడిచేయి సడలింది, కపాలం నడినెత్తిన ఫట్‌మని చిట్లింది!

ఏడు షీట్లూ గుండెలకు హత్తుకుని ఆమె మెట్లెక్కి పరుగెత్తింది. వెనకే తడి అడుగుల చప్పుడు... టీచరమ్మ ఆమె వెంటే వస్తోంది!

మిగతా ఐదుగురూ గుమాస్తా చుట్టూ నిలబడ్డారు. కొట్టలేదు, గొంతు నులమలేదు. ఊరికే చూస్తున్నారు. గుమాస్తా తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. గాయం లేదు. ఎక్కడా గీరుడు కూడా లేదు. కానీ పాదాల కింద రక్తం మడుగు కడుతోంది!

"నాకేదో అవుతోంది... ఎవరినైనా పిలవండి! నా నాడి చూడండమ్మా!"

ఐదుగురూ ఒక్కసారిగా తలలు తిప్పి గోడ గడియారం వైపు చూశారు. పదిహేను నిమిషాలు కావాలి మరి!

అతను పాక్కుంటూ వెళ్ళి ఫోన్ అందుకున్నాడు. "సార్... నేను..."

నర్సే మళ్ళీ చేసిందనుకున్నాడు డాక్టరు. "ఎన్నిసార్లు చెప్పాలి? అంతా మామూలే!"

ఫోన్ పెట్టేశాడు. చావులేని జీవితం కోరుకున్న ఆ మనిషి చల్లటి గచ్చు మీద అంగుళం అంగుళం తెల్లబడ్డాడు. పదిహేనో నిమిషానికి ఒక తల్లి వంగి, అతని నాడి పట్టుకోకుండానే, రక్తంలో వేలు ముంచి గోడ మీద రాసింది. 'ఎనభై నాలుగు. మామూలు.' దీపాలు ఆరిపోయాయి.

పైన, రెండో నర్సు గుక్కపట్టి ఏడుస్తోంది. చేయి మాత్రం తియ్యలేదు. "అక్కా, నా చేతి మీద ఇంకెవరిదో చేయి ఉంది... మంచులా ఉంది... కానీ అక్కా, గర్భసంచి గట్టిపడింది! రక్తం ఆగింది!"

రక్తం సీసాలు వచ్చాయి. ఆరు గంటలకి కోడలు పెదాలకి రంగొచ్చింది. "పాప ఏదత్తయ్యా?" అని అడిగింది. వరండాలో ఉన్న కొడుకుని లోపలికి పిలిచి, బిడ్డను అతని చేతిలో పెట్టి, పెద్ద నర్సు జరిగిందంతా ఒక్క మాట దాచకుండా చెప్పింది. అతను ఆమె మొహం వైపు చూడలేదు. భార్య పక్కన కూర్చుని గోడ వైపు తిరిగాడు. ఆమె గుండె పగిలింది. అయినా నోట్లో మాట వెనక్కి తీసుకోలేదు.

అప్పుడు వచ్చాడు పెద్ద డాక్టరు. కింద శవాన్ని చూసి వచ్చినట్టున్నాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆ షీట్లు... ఇలా ఇచ్చెయ్. చించేద్దాం. ఇద్దరం బతుకుతాం."

"విచారణ అధికారికి ఇస్తాను సార్. పైన నా రాత ఉంది, కింద మీ సంతకం ఉంది."

డాక్టరు ఇంకేదో అనబోయి, ఆమె భుజం మీదుగా వెనక్కి చూసి, గోడకు అంటుకుపోయాడు.

పెద్ద నర్సు మెల్లగా వెనక్కి తిరిగింది. గుమ్మంలో టీచరమ్మ నిలబడి ఉంది. చీలమండల మీద రక్తం ఇంకా తడిగానే ఉంది. నోరు ఇప్పుడు కట్టి లేదు. తనకు తీర్పు వచ్చిందనుకుని పెద్ద నర్సు కళ్ళు మూసుకుంది.

"నా బాబు ఎలా ఉన్నాడక్కా?" అంది టీచరమ్మ.

'బాగున్నాడమ్మా' అనే మాట నాలిక చివరి దాకా వచ్చేసింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు! పెద్ద నర్సు పళ్ళ బిగువున దాన్ని ఆపుకుంది.

"తెలియదమ్మా. నేను చూడలేదు. పొద్దున్నే మీ ఇంటికి వెళ్ళి, చూసి వచ్చి చెబుతాను."

టీచరమ్మ తల ఊపింది. తర్వాత గుమ్మం పక్కన, నేల మీద మెల్లగా కూర్చుంది.

"వెళ్ళిరా. నేనిక్కడే ఉంటాను" అంది.