లేదని చూపించిన రక్తం

ఎలీసమ్మ పొద్దున్నే వాకిలి ఊడుస్తూ పక్కింటివాళ్లకు కోడలి గొప్ప చెబుతోంది. నిన్న రాజోలు ఆసుపత్రిలో ఆమె కూతురు నిఖితకు కాన్పయ్యాక రక్తస్రావం ఆగలేదు. ఓ నెగటివ్ రక్తం కావాలన్నారు. కోడలు జెస్సీ ల్యాప్‌టాప్ తీసి, బ్లడ్ బ్యాంకులన్నిటినీ ఒకేసారి వెతికే తమ కంపెనీ సైట్లో చూసింది. దూరాన రాజమండ్రిలో మాత్రమే ఉందని వచ్చింది. కొడుకు అభిలాష్ కారులో వెళ్లి తెచ్చేదాకా అందరి ప్రాణాలూ అరచేతిలో ఉన్నాయి. జెస్సీ చేత ప్రభువే వెతికించాడని ఎలీసమ్మ నమ్మకం.

వంటింట్లో ఆ మాటలు వింటూ జెస్సీ ఇడ్లీలు తీస్తోంది. అంతలో ఆసుపత్రి నుంచి అభిలాష్ వచ్చాడు.

"రక్తం ఇక్కడికి దగ్గర్లో అమలాపురంలోనూ ఉందంట జెస్సీ. అక్కడి బ్లడ్ బ్యాంకువాళ్లే చెప్పేరు. మరి నీకు లేదని ఎందుకొచ్చింది?"

"వాళ్ల సర్వర్ జవాబివ్వలేదండీ."

అది అబద్ధం కాదు. అయినా చెప్పగానే ముఖం వేడెక్కింది. సైట్ నెమ్మదిగా ఉందని ఆఫీసులో అంటే, ఆలస్యంగా జవాబిచ్చే చిన్న బ్యాంకుల కోసం ఆగకుండా వెతికే ప్రోగ్రామును మార్చింది తనే. వేగం పెరిగింది. మెచ్చుకున్నారు కూడా.

ఎలీసమ్మ గుమ్మంలోకి వచ్చి, వాళ్ల మెషీను పాడైతే పిల్లేం చేస్తుందని కొడుకును కసిరింది. జెస్సీ ఇక ఓర్చుకోలేకపోయింది.

"పాడవలేదత్తయ్యా. దాని జవాబు కోసం ఆగొద్దని ప్రోగ్రాములో నేనే రాశాను. జవాబు రాని చోట కూడా లేదనే చూపించాను."

ఎలీసమ్మ క్యారేజీ సర్దుకుని ఒక్కతే ఆటో ఎక్కింది.

జెస్సీ వెనకాలే ఆసుపత్రికి వెళ్లి, మంచం దగ్గర తల దించుకుని అంతా నిఖితకు చెప్పింది. నిఖిత ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

"అమలాపురమైతే అమ్మ అంతసేపు ఏడ్చేది కాదు కదా వదినా."

తిట్టినా బాగుండేదనిపించింది జెస్సీకి. వరండాలో కూర్చుని తప్పు తనదేనని ఆఫీసుకు రాసింది. దగ్గరి బ్యాంకుల జవాబు కోసం ఆగాలనీ, అది రాకపోతే 'తెలియలేదు, ఫోన్ చేయండి' అని చూపాలనీ, ఆ మార్పు తానే చేస్తాననీ రాసింది. అక్షరాలు కన్నీళ్లలో మసకబారాయి.

పక్కన ఎవరో కూర్చున్నట్టయింది. ఎలీసమ్మ. ఒడిలో పసిబిడ్డ.

"నీ మీద కోపం పోలేదు," అంది. అయినా బిడ్డను జెస్సీ ఒళ్లో పెట్టింది. "మెడ కింద చెయ్యెయ్యమ్మా. ఆయ్, అలాగ."