ఫోటో దిగని బిడ్డ

“ఊళ్ళె సచ్చినోళ్ళందరికీ కండ్లు తెరిపిస్తవు! ఎవరెవరి తాతలకో ముత్తాతలకో మొహాలు దిద్దుతవు! నా బిడ్డ కాడికొచ్చేసరికే నీ చెయ్యి పడిపోయిందా, యాకమ్మ బాపూ?”

పూలమ్మ అరుపుకు పక్కింట్లో మగ్గం చప్పుడు ఆగిపోయింది. కంచం ముందు కూర్చున్న సారంగపాణి తల ఎత్తలేదు. కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది. భర్తను ఆమె ఇప్పటికీ బిడ్డ పేరుతోనే పిలుస్తుంది. ఆ బిడ్డ పోయి ఏడాది కావస్తోంది... పిలుపు మాత్రం పోలేదు!

“నాతోని కాదు పూలమ్మా... ఇగ నన్ను అడుగకు,” అన్నాడతను. చేయి కడుక్కుని ముందుగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఆ ముందుగదే అతని ఫోటో స్టూడియో. కాశిబుగ్గలో తాతల నాటి నేతపని వదిలి కెమెరా పట్టిన మనిషి సారంగపాణి. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఎవరైనా తీస్తారు. అతనికి పేరు తెచ్చిన పని వేరే ఉంది. బతికున్నన్నాళ్ళూ ఒక్క ఫోటో కూడా దిగకుండా పోయిన పెద్దవాళ్ళు ఊళ్ళలో ఎంతోమంది. అలాంటి ఇళ్ళ నుంచి అతనికి కబురొచ్చేది. మూసిన కళ్ళతో ఉన్న మొహాన్ని ఫోటో తీసుకొచ్చి, సన్న పెన్సిలుతో కళ్ళు తెరిపించేవాడు. అదీ వీలుకాకపోతే, పోలికలున్న అన్ననో తమ్ముడినో కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీసి, ముక్కూ చెంపా దిద్ది, పోయినవాడిని తెచ్చి చేతిలో పెట్టేవాడు! “మా నాయిన మళ్ళొచ్చిండు” అని జనం ఆ పటాన్ని గుండెలకు హత్తుకుని ఏడ్చేవారు. అంతటి పనితనం ఉన్నవాడు కన్నకూతురి మొహం చేసివ్వనంటే ఏ తల్లి ఊరుకుంటుంది? అందులోనూ ఎల్లుండే పెత్తరమాస! ఇంటింటా పోయినవాళ్ళ ఫోటోల ముందు వాళ్ళకు ఇష్టమైనవి వండి పెట్టుకుంటారు. పూలమ్మ ఎవరి ముందు పెట్టాలి? ఉత్త గోడ ముందా?

ఆ గోడ ఉత్తదిగా మిగలడానికి కారణం మళ్ళీ ఆమే... అదే ఆమెను లోలోపల తినేస్తోంది.

మొదటి కొడుకు బోర్లా పడ్డాడని మురిసిపోయి సారంగపాణి ఫోటో తీశాడు. ఆ నెల తిరక్కుండానే బాబు పోయాడు. తర్వాత పుట్టిన ఆడపిల్లకు ఉయ్యాలలో ఉండగా తీశాడు. ఆ పిల్లా నిలవలేదు. దవాఖానలో డాక్టర్లు ఏవో జబ్బుల పేర్లు చెప్పారు కానీ అవేవీ పూలమ్మ చెవికెక్కలేదు. కడుపు కాలిన తల్లికి కనిపించింది ఒక్కటే... ఫోటో దిగారు, పోయారు! మూడోసారి కడుపు పండినప్పుడు అన్నారం దర్గాకు వెళ్ళి, యాకుబ్ బాబా ముందు కొంగు పరిచి మోకరిల్లింది. “ఈ బిడ్డనన్న నాకు దక్కియ్యి బాబా! నీ పేరే పెట్టుకుంట. పన్నెండేండ్లు నిండినంక నీ కాడ మేకను కోసి, అందరికి అన్నం పెట్టి కందూరు చేస్త... అప్పటిదాక దీన్ని ఫోటో దిగనియ్య!” అని మొక్కుకుంది.

యాకమ్మ బతికింది. గలగలా నవ్వుతూ పెరిగింది. ప్రతి గురువారం పూలమ్మ ఒక్కపొద్దుండేది, వీలైనప్పుడల్లా బస్సెక్కి అన్నారం వెళ్ళి వచ్చేది. నమ్మకం అంటే అలా ఉండేది ఆమెకు! బళ్ళో పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి ఫోటో తీస్తారని తెలిసిన రోజున బిడ్డను బడికే పంపలేదు. ఎర్ర రిబ్బన్లతో జడలు వేసుకుని తయారైన పిల్ల గడపలో కూలబడి ఎంత ఏడ్చిందో! “అందరు దిగుతాండ్రమ్మా... నేనొక్కదాన్నే దిగొద్దా?” “జర ఓపిక పట్టు బిడ్డా... పన్నెండేండ్లు నిండనీ, ఈ గోడ నిండ నీ ఫోటోలే పెట్టిపిస్త!” అని సముదాయించింది పూలమ్మ.

ఏవీ పన్నెండేళ్ళు? తొమ్మిది దాటి పది వస్తుండగా, పోయినేడు దసరా వెళ్ళిన వారానికి, మెదడుకు జ్వరమెక్కి ఆ పిల్ల తల్లి ఒళ్ళోనే కన్ను మూసింది. ఊరందరికీ కళ్ళు తెరిపించే తండ్రి ఆ రోజు కెమెరా ముట్టుకోలేదు. స్పృహ తప్పి పడున్న తల్లికి అడిగే తెలివి లేదు. అయిపోయింది!

ఇప్పుడు ఆమెను భయపెడుతున్నది చావు కాదు, మరుపు. బిడ్డ గడ్డం కింద పుట్టుమచ్చ గుర్తుంది. ఊడిన పన్ను గుర్తుంది. సాగదీసి “అమ్మా” అనే పిలుపు గుర్తుంది. కళ్ళు మూసుకుని వాటన్నిటినీ ఒక్కచోట చేర్చి చూద్దామంటే మొహం రావడం లేదు! నిన్నటికి నిన్న ఎంత తలచుకున్నా ఎవరో పక్కింటి పిల్ల మొహం వచ్చి నిలిచింది. తొమ్మిదేళ్ళు కంటికి రెప్పలా కాచిన తల్లి తన బిడ్డ మొహాన్నే మరచిపోతోంది... ఈ మాట ఎవరికి చెప్పుకుంటుంది? చెబితే లోకం నమ్ముతుందా?

మరునాడు రఘునాథపల్లి నుంచి అక్క కట్టమ్మ వచ్చింది, బతుకమ్మ పండుగకు కూతురు నిర్మలను వెంటబెట్టుకుని. బస్సు దిగి గుమ్మంలోకి అడుగుపెట్టిన నిర్మలను చూడగానే పూలమ్మ చేతిలో పని వదిలేసి దగ్గరికి వచ్చింది. అదే ఈడు! అదే నుదురు! అక్కచెల్లెళ్ళ బిడ్డలు, పోలికలు ఎక్కడికి పోతాయి? గబగబా పెట్టె తీసి యాకమ్మ నెమలిరంగు లంగా, జాకెట్టు పట్టుకొచ్చింది.

“అక్కా, నిర్మలకు ఇవి తొడుగుతనే. జడలు ఏసి స్టూడియోల కూసోబెడత. ఈయనతోని ఫోటో తీపిచ్చి నా యాకమ్మ లెక్క దిద్దిపిచ్చుకుంట!”

కట్టమ్మ కూతుర్ని వెనక్కి లాగింది. “నీకు పిచ్చిగిట్ల లేసిందానే చెల్లె? పోయిన పిల్ల బట్టలు బతికున్న పిల్లకా! అదీ పెత్తరమాస ముంగట! నాకున్నది ఇదొక్కతే...”

పూలమ్మ లంగాను ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చుండిపోయింది. “నా బిడ్డ మొహం నాకు యాదికస్తలేదక్కా...”

కట్టమ్మ చెల్లెలి వంక చూసింది. ఆ మాట అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థం కాగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భోరుమంది! కన్నీళ్ళు తుడుచుకోకుండానే కూతుర్ని దగ్గరికి లాక్కుని, తన చేత్తోనే ఆ లంగా కట్టింది. “ఏమైతే గదే ఐతది... నీ బిడ్డ నా బిడ్డ కాదానే!” అంది. ఏ తల్లి చేయగలదమ్మా ఆ పని? చెల్లెలి కోసం కట్టమ్మ చేసింది!

ముగ్గురూ స్టూడియోలోకి వెళ్ళారు. తలుపు చప్పుడుకు వెనక్కి తిరిగిన సారంగపాణి అలాగే కొయ్యబారిపోయాడు.

“ఏంది పూలమ్మా ఇది? ఎందుకు తీసుకొచ్చినవ్?”

“ఎందరికో చేసినవు కదా! నాకు కూడ చెయ్యి. నీ కాళ్ళు మొక్కుత... ఒక్కటి!” పూలమ్మ నిజంగానే వంగి అతని పాదాలు పట్టుకుంది.

అతను దీపాలు వేశాడు. మూడు కాళ్ళ మీద నిలబెట్టిన పెద్ద కెమెరా దగ్గరికి వెళ్ళి నల్లగుడ్డ కిందకు తల దూర్చాడు. స్టూలు మీద నిర్మల బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఎంతసేపటికీ అతను బయటకు రాలేదు.

“చిన్నబాపూ, తీస్తలేవేంది?” అంది నిర్మల.

నల్లగుడ్డ కింద నుంచి సన్నగా ఒక మూలుగు వినిపించింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. సారంగపాణి గుడ్డ లాగి పారేసి, “దించుండ్రి! ఆ పిల్లను దించుండ్రి! నాతోని కాదు... నా బిడ్డ ఉండంగ ఇంకో బిడ్డను నేను దిద్దలేను!” అని అరిచాడు. ఫోటోలు కడిగే చీకటిగదిలోకి పరుగెత్తి, కాగితాల డబ్బా ఒకటి తెచ్చి పూలమ్మ ముందు గుమ్మరించాడు.

ఫోటోలు! అన్నీ యాకమ్మవే! పన్ను ఊడిన నవ్వుతో ఒకటి. తండ్రి కళ్ళద్దాలు పెట్టుకుని ఒకటి. జామకాయ కొరుకుతూ ఒకటి. ఎర్ర రిబ్బన్ల జడలతో, చేతులు కట్టుకుని, బళ్ళో వరుసలో నిలబడ్డట్టే నిటారుగా నిలబడి ఒకటి... అటూ ఇటూ తోటిపిల్లలు మాత్రం లేరు!

పూలమ్మ నేలమీద కూలబడి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంది. అవును... ఇదే మొహం! ఇలాగే ఉండేది! కళ్ళు మసకబారుతుంటే తుడుచుకుంటూ చూసింది, తడి తగులుతుందేమోనని ఫోటోను దూరంగా పట్టుకుని చూసింది. “నా తల్లీ... నా బంగారూ... ఏడవోతివే ఇన్నొద్దులు!” అని మొహం మీద మొహం పెట్టుకుని ముద్దులు పెట్టుకుంది. అంతలోనే ఉలిక్కిపడి తల ఎత్తింది.

“ఎప్పుడు తీసినవ్?”

“నువ్వు దర్గాకు పోయిన దినాలల్ల,” అన్నాడు సారంగపాణి గోడకు చేరగిలబడి. “ఊరందరి పిల్లలను తీసే చెయ్యి పూలమ్మా ఇది! నా పిల్ల నా ముంగటనే పెరుగుతాంటే ఎట్ల ఊకుందు? అదీ అడిగేది. ‘అమ్మకు చెప్పకు బాపూ, పన్నెండేండ్లు నిండినంక అన్ని ఒక్కసారే చూపిద్దాం, సంబురపడతది’ అనేది. ఆఖరిది తీసిన వారానికే జరమొచ్చె...”

“నా మొక్కు!” పూలమ్మ లేచింది. ఆమె కళ్ళల్లో నిప్పులు! రెండు చేతులతో భర్త గుండెల మీద బాదింది. “నేను ఉపాసాలుండి కాపాడుకుంటాంటే నువ్వు ఇంట్ల ఈ పని చేసినవా! పొట్టన పెట్టుకున్నవు... నా బిడ్డను నువ్వే పొట్టన పెట్టుకున్నవు!”

“అవు. నేనే.” అతను చేయి అడ్డం పెట్టలేదు. “ఏడాది సంది నేను అనుకునేది గదే. నువ్వు దాని మొహం కోసం ఏడుస్తాంటివి, నా కాడ ఉండె. ఇస్తే నేనే చంపిన అని తెలుస్తది. ఇయ్యకపోతే నీ ఏడుపు చూడలేకపోతి. ఏం చెయ్యాల్నో నాకు సమజ్ కాలే పూలమ్మా... ఎవరన్న చిన్నపిల్లలను తెస్తే ఫోటో తియ్య అని ఎళ్ళగొట్టిన. నా చెయ్యి తగిలితె సస్తరని భయమైతాంది.”

పూలమ్మ చేతులు ఆగిపోయాయి. చంటిపిల్లలను ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చిన తల్లులను ఈయన ఎందుకు తిప్పి పంపుతున్నాడా అని ఆమె ఎన్నిసార్లు అనుకోలేదు! ఆ ఎముకలు తేలిన చెంపలను, నెరిసిన గడ్డాన్ని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. తన దుఃఖం తనకుంది, ఏడవడానికి గొంతూ ఉంది. ఈ మనిషి బిడ్డను పోగొట్టుకుని, ‘నేనే చంపాను’ అని నమ్మి, ఏడాదిగా నోరు మూసుకుని తన ఎదుటే తిరిగాడు. మొక్కు నిజమైతే ఈయన హంతకుడు. మొక్కు అబద్ధమైతే... బడి రోజున ఆ పిల్లను గడపలో అంత ఏడిపించింది ఎందుకు? పూలమ్మ గుండె రెండుగా చీలిపోయింది! ఏ చీలికలోనూ నిలబడటానికి చోటు లేదు.

ఆమె మెల్లగా అన్నారం ఉన్న దిక్కుకు తిరిగింది. కళ్ళు మూసుకుని, చేతులు జోడించి చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత భర్త పక్కన వచ్చి కూర్చుంది.

“నువ్వు కాదు. మొక్కు తప్పింది ముందుగాల నేను.”

సారంగపాణి అయోమయంగా చూశాడు.

“మేడారం జాతరకు పోలేదా... అక్కడ పరద కట్టి ఫోటోలు తీస్తాంటే యాకమ్మ ఒక్కతీరుగ ఏడ్చింది. నాకు పాణం ఆగలె. దాన్ని కూసోబెట్టి తీపిచ్చిన. మళ్ళ భయమై, చింపి జంపన్న వాగుల ఏసిన. బాబా మీద ఒట్టు. పాపం ఉంటె నాది. నీ మీదికి రాదు.”

తలుపు దగ్గర నిర్మల సొంత బట్టలు పట్టుకుని నిలబడ్డ కట్టమ్మ నోరు తెరవబోయింది. ఆ జాతరకు ఆమె కూడా వెళ్ళింది. తప్పిపోతుందనే భయంతో జాతర పొడుగునా యాకమ్మను భుజాల మీంచి దించనే దించలేదు సారంగపాణి! కట్టమ్మ చెల్లెలి మొహం చూసి, తెరిచిన నోరు మూసుకుంది. ఒక్క గురువారం ఉపవాసం తప్పని పూలమ్మ, బాబా పేరు చెప్పుకుని పచ్చి మంచినీళ్ళు ముట్టని పూలమ్మ, ఆ బాబా మీదే ఒట్టు వేసింది.

సారంగపాణి భార్య కళ్ళల్లోకి చూశాడు. ఆ చూపును ఆమె తప్పించుకోలేదు. ఏదో అనబోయి మింగాడు.

“ఎట్ల పడ్డది ఫోటో?” అన్నాడు చివరికి. “మంచిగ పడ్డదా?”

“మంచిగ పడ్డది,” అంది పూలమ్మ. “నవ్వుకుంట పడ్డది.”

సారంగపాణి ఆమె ఒళ్ళో తల పెట్టుకుని, బిడ్డ పోయిన తర్వాత మొట్టమొదటిసారి గొంతెత్తి ఏడ్చాడు.