నిండుకున్న చేట

చెవి విరిగిన కప్పును దమయంతి వెలుతురుకు ఎత్తి పట్టింది. తూనిక యంత్రం ఆకుపచ్చ కన్ను తెరుచుకుని ఎదురుచూస్తోంది.

“చెవి లేదు గనక అరచెయ్యంతా కాలుతుంది. టీ ఇచ్చినవాళ్లు గుర్తుండిపోతారు,” అంది దమయంతి.

“అర్థం నమోదైంది,” అంది తూనిక.

కప్పు గాజుకొట్టులోకి జారిపోయింది. ఇక దాన్ని ఎవరూ ముట్టరు. వెనకాలే వచ్చిన గరిటెకు అర్థమేదీ ఆమెకు తోచలేదు. అది కరుగుగుండంలో పడింది.

అడవి నరకడం, గని తవ్వడం మానేశాక, కరిగించి మళ్లీ వాడుకోడానికి ప్రతి పాత వస్తువూ తూనిక ముందుకు రావలసిందే. అర్థం దొరికితే గాజు, దొరక్కపోతే గుండం. తెగిన చెప్పులతో, చిల్లుపడ్డ డొక్కు గిన్నెలతో బొమ్మలు కట్టిన దమయంతిని ఏరికోరి అర్థకారిణి కుర్చీలో కూర్చోబెట్టారు. మొదట్లో వస్తువుల్ని బతికిస్తున్నాననుకుంది. గాజు వెనక వరసలు పెరిగేకొద్దీ అటు చూడటమే మానేసింది.

తరవాత ఒక వెదురు చేట వచ్చింది. పొద్దున ఇళ్లు జల్లించి దాన్ని ఎత్తుకొచ్చిన జల్లెడబండి వెంటే నడిచొచ్చిన గవరమ్మ కటకటాల అవతల నిలబడింది.

“ఓలమ్మ! అది నాదే. నా సేట నాకిచ్చీ.”

చేట సందుల్లో కాగితం గుజ్జూ మెంతిపిండీ, పూత మీద పూత. బొటనవేలు ఆనేచోట అంచు నున్నగా మెరుస్తోంది. దమయంతికి అర్థం నాలుక చివరికొచ్చేసింది.

“భయపడకమ్మా, గుండానికి పోనివ్వను. గొప్పగా చెప్తాను. గాజులో పెడతారు, అందరూ చూస్తారు.”

“సూసి ఏటి సేస్తారు? సోళ్లు సెరుగుతారేటి? ఇది పోతే మరో సేట అల్లీవోడు లేడు. నీ గొప్ప అర్తం నా కొంప ముంచీసీలాగుంది తల్లీ!”

దమయంతి చేటను చేతుల్లోకి తీసుకుంది.

“వస్తువులో గింజలున్నాయి. ఖాళీ చేసి చూపండి,” అంది తూనిక.

నిజమే, చేట మూలలో గుప్పెడు సోళ్లు, ఎర్రటి రాగిగింజలు.

“వట్టి సేట ఎవుల సేతికీ ఇవ్వకూడదు గదా,” అంది గవరమ్మ. “బండోడికైనా అంతే.”

చేటను వంచబోయిన దమయంతి చెయ్యి ఆగింది. పని నడుస్తున్న వస్తువును తూనిక అడగరాదు. పొయ్యి మీది మూకుళ్ల కోసం ఎప్పుడో రాసిన నియమమది.

“ఖాళీ చెయ్యను. దీని పని నడుస్తోంది,” అంది దమయంతి.

“ఖాళీ అయ్యాక తెలపండి.”

“మా ఇంట ఖాళీ అవడవుఁండదు బావు,” గవరమ్మ తూనిక కంటికేసి చూస్తూ చెప్పింది. “అయిపోనాయి అనకూడదు. నిండుకున్నాయి అనాల.”

తూనిక తిరిగి అడిగింది.

“గింజలు అయిపోతే... నిండినట్టా?”

“అంతే గదా మరి!”

ఆకుపచ్చ కన్ను పసుపయింది, మళ్లీ ఆకుపచ్చయింది. గాజువైపు తలుపూ గుండంవైపు తలుపూ ఒక్కసారే తెరుచుకుని, ఒక్కసారే మూసుకున్నాయి.

“వస్తువు వాడుకలో ఉంది. ఎప్పటికీ. తీసుకెళ్లండి.”

దమయంతి చేటను కటకటాల మీదుగా అందించింది. గవరమ్మ దాన్ని గుండెకు హత్తుకుని నవ్వేసింది. “పొద్దుటినుంచి పేణం పేణంలో లేదమ్మా!” అంటూ చిటికెడు సోళ్లు తీసి దమయంతి చేతిలో పెట్టింది. “నీ సెయ్యి మాత్రం వట్టిగా ఎందుకూ?”

దమయంతి వాటిని గుప్పిట్లో దాచుకుంది.

తరవాతి వస్తువు వచ్చింది. సొట్టలుపడ్డ రేకుడబ్బా. తూనిక కన్ను తెరిచింది. ఆ డబ్బాకీ అర్థం తోచింది గానీ దమయంతి చెప్పలేదు. గుప్పిట విప్పి ఒక సోడిగింజను ఏరింది.

గింజ డబ్బా అడుగున టింగుమంది.

“దీని పని కూడా నడుస్తోంది,” అంది.