స్టేషన్ ఆవరణలో వెలిగిన హెడ్‌లైటు

డాక్టరుగారి శవం కారులో దొరకలేదు.

కారు లోయ అడుగున, రెండు బండల మధ్య ఇరుక్కుని ఉంది. డాక్టరు అంతకు చాలా పైన, పొదల్లో పడి ఉన్నాడు. దొర్లేటప్పుడు తలుపులు రెండూ ఊడిపోయాయి. ఆయన కళ్ళజోడు మాత్రం చొక్కా జేబులో, చెక్కుచెదరకుండా ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఆ కళ్ళజోడును కవర్లో పెట్టించింది. గేరు న్యూట్రల్‌లో ఉందని కానిస్టేబుల్ చెబితే తలూపింది. పడేటప్పుడు జారి ఉండొచ్చు. అప్పటికి ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

చూడబోతే చాలా తేలిక కేసు. కారు పాతది. నెల రోజులుగా దాని హెడ్‌లైట్లు సతాయిస్తున్నాయి. కాసేపు మసగ్గా వెలుగుతాయి, గతుకు తగిలితే ఆరిపోతాయి. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. చనిపోయిన రోజు పొద్దున డాక్టరు కారును మెకానిక్ దగ్గర బాగు చేయించుకున్నాడు. రాత్రి ఏడున్నరకి కొండదారి పట్టాడు. మలుపు దగ్గర లైట్లు ఆరిపోయాయి. అంతే.

అలా అని చెప్పింది డాక్టరుగారి తమ్ముడు. ఆస్పత్రిలో మందులిచ్చేది అతనే.

మెకానిక్‌ని స్టేషన్‌కి తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టారు. ఎవరూ ఏమీ అడగకముందే ఒప్పేసుకున్నాడు.

"నేనే చంపేశాను మేడమ్."

లోపం ఎక్కడుందో తనకి మొదటే తెలిసిందన్నాడు. బల్బులు మంచివే. ఫ్యూజు మంచిదే. లైటు నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ వైరు బోల్టు కింద తుప్పు పట్టింది. కరెంటు తిరిగిరావడానికి దారి లేదు, అందుకే ఆ మసక. బోల్టు విప్పాడు. తుప్పు గీకాడు. మళ్ళీ బిగించాడు. అక్కడిదాకా చెప్పి ఆగిపోయాడు.

"బిగించాను. బిగించే ఉంటాను. స్పానర్ చేతిలో ఉన్నట్టు గుర్తుంది. ఆఖరి చుట్టు తిప్పినట్టు మాత్రం గుర్తు రావడం లేదు. కళ్ళు మూస్తే ఆ బోల్టే కనపడుతోంది."

అతను రెండు రోజులుగా నిద్రపోలేదని చూస్తేనే తెలుస్తోంది. మాట్లాడుతున్నంతసేపూ కుడిచేతి వేళ్ళు గాలిలో ఏదో బిగిస్తూనే ఉన్నాయి. స్టేట్‌మెంట్ రాసిస్తే సంతకం పెడతానన్నాడు. వెంటనే వద్దంది ఇన్‌స్పెక్టర్. ఎందుకు వద్దందో ఆమెకే సరిగ్గా తెలియదు.

మర్నాడు సాయంత్రం సన్నగా జల్లు పడింది.

లోయలోంచి తెచ్చిన కారును స్టేషన్ ఆవరణలో గోడవారగా పెట్టి, టార్పాలిన్ కప్పారు. మసక చీకటి పడుతున్న వేళ కానిస్టేబుల్ లోపలికి వచ్చాడు.

"మేడమ్, కారు చూస్తోంది."

ఆమె విసుక్కుంటూ లేచి వెళ్ళింది. వరండా మెట్టు మీదే ఆగిపోయింది. టార్పాలిన్ ఒక మూల జారి ఉంది. దాని కింద కారు ఎడమ హెడ్‌లైటు వెలుగుతోంది. జల్లులో ఆ వెలుగు నేరుగా ఆమె మీదే పడుతోంది. కుడివైపు పగిలిన గుంట నల్లగా ఉంది. తాళంచెవి ఆమె సొరుగులోనే ఉంది. కారు దగ్గర పురుగు కూడా లేదు.

కానిస్టేబుల్, డాక్టరుగారు ఊరికే పోలేదని గొణిగాడు. ఇన్‌స్పెక్టర్ కసురుదామనుకుని, ఆ లైటు వైపే చూస్తూ ఉండిపోయింది. చనిపోయిన మనిషి ఎదురుగా నిలబడి, నోరు లేక, ఉన్న ఒక్క కంటితో ఏదో చెబుతున్నట్టే ఉంది.

కాసేపటికి లైటు రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది.

పొద్దున ఫోరెన్సిక్ టెక్నీషియన్ వచ్చి బానెట్ ఎత్తాడు. సంగతి తేల్చడానికి ఎంతోసేపు పట్టలేదు. హెడ్‌లైట్లకి కరెంటు పంపే రిలే డబ్బా పగిలి ఉంది. జల్లుకి లోపల తడి చేరి, స్విచ్ వెయ్యకుండానే కరెంటు దాటింది. దయ్యం లేదు, గియ్యం లేదని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. "లైటు వెలగాలంటే ఎర్త్ సరిగ్గా ఉండాలి కదా?"

అతను వంగి బోల్టు చూశాడు. స్పానర్ పెట్టి లాగాడు. కదల్లేదు.

"రాయిలా ఉంది మేడమ్."

కుడి బల్బును జాగ్రత్తగా ఊడదీయించింది. ఆ తర్వాత కారు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళింది. నలిగిన డిక్కీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, పగిలిన ఎర్రగాజు ముక్కలు ఏరి, లోపలున్న చిన్న బల్బును తీసింది. దాన్ని వెలుతురుకేసి పట్టుకుని చాలాసేపు చూసింది. మరో కవర్లో పెట్టి ల్యాబ్‌కి పంపించింది.

మధ్యాహ్నం డాక్టరుగారింటికి వెళ్ళింది. ముందు గది ఆస్పత్రి, వెనక ఇల్లు. డాక్టరుగారి భార్య కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. కంటి ఆపరేషన్ అయి వారం. రెండు కళ్ళకీ ఇంకా కట్టు ఉంది. భర్త ముఖం ఆఖరిసారి చూసుకునే వీలు కూడా ఆ పెద్దావిడకి లేకపోయింది.

తమ్ముడు వచ్చి నిలబడ్డాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఎన్నింటికి బయల్దేరారు?"

"ఏడున్నర."

"మీరు చూశారా?"

"గేటు తీసిందే నేను. వద్దని కూడా చెప్పాను. లైట్లు మినుకుమినుకుమంటున్నాయి."

"తర్వాత?"

"వినలేదు. ఆ వెనక ఎర్రదీపం సందు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. అదే ఆఖరి చూపు."

అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. ఇన్‌స్పెక్టర్‌కి ఆ సంగతి తెలుస్తూనే ఉంది. అదే ఆమెను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

అతన్ని పంపేసి పెద్దావిడ దగ్గర కూర్చుంది. ఆవిడకి తెలిసింది కొంచెమే. నాలుగింటికి మరిది మాత్ర ఇచ్చాడు. నిద్ర ముంచుకొచ్చింది. అతనే లేపి, అన్నయ్య ఇప్పుడే వెళ్ళాడు వదినా అన్నాడు. కారు చప్పుడు తను వినలేదు. ఈ కట్టుతో పగలో రాత్రో తనకెలా తెలుస్తుందంది.

"కొండ మీదికి ఎందుకమ్మా వెళ్ళేవారు?"

పెద్దావిడ చెప్పుకొచ్చింది. రెండు నెలల కిందట ఒక పాపని జ్వరమని తెచ్చారట. ఏడేళ్ళది. మందిచ్చి పంపారు. తెల్లారేసరికి పోయింది. అప్పట్నుంచి ఆయనకి కంటి మీద కునుకు లేదు. నిద్దట్లో ఆ పిల్లకి సమాధానం చెబుతున్నట్టు గొణిగేవాడు. ఆ మలుపు దగ్గర కారు ఆపితే అవతలి గట్టున పాపవాళ్ళ ఇల్లు కనిపిస్తుంది. దాన్ని చూసి, ముందుకు పోలేక తిరిగొచ్చేవాడు.

"వాళ్ళకేదో చెప్పాలనేవారు. ఏమిటో నాకు చెప్పలేదు."

లేచేముందు ఇన్‌స్పెక్టర్ ఇంకొక్క మాట అడిగింది. కళ్ళజోడు లేకుండా ఆయన బండి నడిపేవారా?

"అది లేకపోతే ఎదురుగా ఉన్న గేటే ఆనేది కాదమ్మా ఆయనకి."

ల్యాబ్ రిపోర్టు వచ్చిన పొద్దున ఇన్‌స్పెక్టర్ ముగ్గుర్నీ ఆస్పత్రి గదిలో కూర్చోబెట్టింది. పెద్దావిడ, మరిది, మెకానిక్. బల్ల మీద రెండు కవర్లు పెట్టింది.

మొదట మెకానిక్ వైపు తిరిగింది. "నువ్వు బోల్టు బిగించావు. ఆఖరి చుట్టు కూడా తిప్పావు. ఇక పడుకో."

అతను అరచేతుల్లో ముఖం దాచుకున్నాడు.

తర్వాత ఆమె నెమ్మదిగా, ఆవిడ కళ్ళకి కట్టినట్టు చెప్పింది. వెలుగుతున్న బల్బులో తీగ ఎర్రగా కాలి మెత్తబడి ఉంటుంది. దెబ్బ తగిలితే సాగి వంకరపోతుంది. గాజు పగిలి గాలి తగిలిందా, తెల్లగా మాడిపోతుంది. ఆరి ఉన్న బల్బయితే తీగ చల్లగా ఉంటుంది, పుటుక్కున తెగుతుంది, మెరుపు పోదు. కుడి హెడ్‌లైటు తీగ అలాగే తెగింది. కారు పడ్డప్పుడు అది ఆరి ఉంది.

"లైట్లు ఆరిపోయాయనేగా నేనూ చెబుతున్నది," అన్నాడు తమ్ముడు.

"అవును. అందరం ముందు లైట్లే చూశాం. వెనకవైపు ఎవరూ చూడలేదు."

చిన్న బల్బున్న కవరు ముందుకి జరిపింది. వెనక దీపానికి వైరు వేరు, ఫ్యూజు వేరు. హెడ్‌లైట్లు పాడైనా అది వెలుగుతూనే ఉంటుంది. కానీ ఈ తీగ కూడా చల్లగానే తెగింది, కొత్తదానిలా మెరుస్తోంది. అంటే లైట్లు పాడవలేదు. ఎవరూ స్విచ్ వెయ్యలేదు. చీకట్లో లైట్లు వెయ్యకుండా కొండ ఎక్కేవాళ్ళుండరు.

"కారు పడేటప్పటికి పొద్దు గుంకలేదు. మరి ఏడున్నరకి మీరు చూసిన ఎర్రదీపం ఏది?"

తమ్ముడు కవరు మీంచి చూపు తిప్పుకున్నాడు.

"ఆయన కళ్ళజోడు జేబులో ఉంది. నడిపింది ఆయన కాదు. పక్క సీట్లో ఉన్నారు. నడిపిందెవరు?"

పెద్దావిడ తల మరిది ఊపిరి వినిపించే వైపు తిరిగింది.

"పాపకి మందు సీసా తప్పుగా ఇచ్చింది నేను వదినా," అన్నాడతను. "అన్నయ్యకి తెలిసిపోయింది. తప్పు తన మీదే వేసుకుంటానన్నాడు. నువ్వు ఊరికే నా పక్కన నిలబడు చాలు అన్నాడు. సరేనని కారు తీశాను. మలుపు దగ్గరికొచ్చేసరికి ఆ ఇల్లు కనపడింది. వాకిట్లో వాళ్ళమ్మ బట్టలారేస్తోంది."

అక్కడే బండి ఆపి గేరు న్యూట్రల్‌లో వేశాడు. హ్యాండ్‌బ్రేకు పట్టదు కాబట్టి ఎప్పటిలాగే చక్రానికి రాయి పెడదామని దిగాడు.

"రాయి చేతిలోనే ఉంది. కారు మెల్లగా కదిలింది. చాలా మెల్లగా. పెట్టెయ్యొచ్చు. అన్నయ్య అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను పెడతాననే అనుకున్నాడు." అతను ఖాళీ చేతుల్లోకి చూసుకున్నాడు. "నేను పెట్టలేదు."

అక్కణ్ణుంచి అడ్డదారిన నడిచి ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఏడున్నర దాకా తన గదిలోనే కూర్చున్నాడు. తర్వాత వెళ్ళి వదినను లేపాడు.

కానిస్టేబుల్ అతన్ని తీసుకెళ్ళాడు. మెకానిక్ చడీచప్పుడు లేకుండా లేచి వెళ్ళిపోయాడు. పెద్దావిడ కుర్చీలోంచి కదల్లేదు. ఏడవలేదు. ఇన్‌స్పెక్టర్ ఆవిడ పక్కనే నిలబడింది.

"ఆ పాపవాళ్ళకి ఇదంతా ఎవరు చెబుతారు?" అంది ఆవిడ చివరికి.

"మేం చెబుతామమ్మా. స్టేషన్‌కి పిలిపిస్తాం."

"పిలిపించకండి. నన్ను తీసుకెళ్ళండి."

జీపు కొండదారి ఎక్కింది. ఎండ బాగా ఉంది. మలుపు వచ్చినప్పుడు ఇన్‌స్పెక్టర్ చెప్పలేదు. అయినా పెద్దావిడకి తెలిసినట్టుంది. సీటు అంచు గట్టిగా పట్టుకుంది. ఆపమని మాత్రం అనలేదు.

అవతలి గట్టున ఆ ఇంటి ముందు జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టుకుని నడిపించబోయింది. పెద్దావిడ గుమ్మం దాకానే పట్టుకోనిచ్చింది. అక్కడ చెయ్యి విడిపించుకుని, తలుపు ఎక్కడుందో తడుముకుని, తనే తట్టింది.

లోపల అడుగుల చప్పుడు. తలుపు తెరుచుకుంది. ఎవరో ఆడమనిషి, ఆ కళ్ళకట్టు చూసి, ఎవరండీ అంది.

"నేను డాక్టరుగారి భార్యనమ్మా," అంది పెద్దావిడ. "మీ పాప గురించి ఆయన మీకు చెప్పాలనుకున్న మాట ఒకటుంది. కూర్చుని చెప్పనా?"