ఎడమ స్పీకర్ తీగలు

అన్యాయం జరిగింది నాకు, కాపురానికొచ్చిన రోజే. ఆ ఇంట్లో చనిపోయిన మొదటి భార్య ఫొటో ఒక్కటీ లేదు, మంచిదే. ఆమె స్టీరియో మాత్రం ఉంది. మా ఆయన రోజూ రెండు స్పీకర్లకీ ఎదురుగా కళ్లు మూసుకుని కూర్చునేవాడు. నా మాట అంత శ్రద్ధగా ఏనాడూ విన్నది లేదు.

సవతి బతికుంటే జుట్టు పట్టుకోవచ్చు. చచ్చినదాన్ని ఎక్కడ పట్టుకోను?

ఆ ధ్వనిలో ఏదో తేడా. వయొలిన్ అటో ముక్క, ఇటో ముక్క; నడుమ బోలు. దుమ్ము దులుపుతూ వెనక చూశాను. ఎడమ స్పీకర్ తీగలు తారుమారు: ఎర్ర స్క్రూకి నల్లది, నల్ల స్క్రూకి ఎర్రది. అలా కలిపితే నడుమ నిలవాల్సిన ధ్వని నిలవదని పాత పత్రికలో చదివాను.

“ఆ తీగలు ముట్టుకోకు,” అన్నాడాయన.

ఓహో, ఆవిడ చేత్తో బిగించినవి కాబోలు! ఒళ్లు మండింది.

ముసురు పట్టిన సాయంత్రం, ఆయన బయటికెళ్లగానే దుకాణానికి పోయి అన్నిటికంటే లావు తీగ కోయమన్నాను.

“ఏనుగును కడతారామ్మా?”

“కాదు, మొగుణ్ణి.”

కొసలు ఒలిచి, రాగి పోగులు మెలేసి, ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు బిగించాను. వయొలిన్ రికార్డు పెట్టాను.

అబ్బ! ధ్వని గది నడుమకి వచ్చి నిలబడింది, మనిషంత ఎత్తున. గెలిచాననుకున్నాను.

అంతలో తడి జుట్టు వాసన... వయొలిన్ వెనకాల ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆడ గొంతు. ఆ రికార్డులో పాడేవాళ్లే లేరు.

మీట నొక్కి ఆపాను. వయొలిన్ ఆగింది. ఆ ఆడమనిషి ఊపిరి ఆగలేదు...

ఆయన వచ్చి గుమ్మంలోనే బిగుసుకుపోయాడు.

“ఎవరు మార్చారు?” గుసగుసగా అడిగాడు.

“నేనే. ఆవిడ గుర్తుగా దాచుకున్నారా?”

“గుర్తా? పోయినదాన్ని నడుమకి రానివ్వకుండా నేనే తీగలు తిప్పి పెట్టానే, పిచ్చిదానా! రోజూ చెవి పెట్టి కాపలా కాస్తున్నాను.”

“అయితే అమ్మి పారేయొచ్చుగా!”

“అమ్మితే ఇల్లంతా తిరుగుతుంది...”

తీగలన్నీ పీకేశాను. ఊపిరి ఇంకాస్త దగ్గరైంది.

ఆయన నన్ను సోఫాలో కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకున్నాడు. ఇన్నాళ్లకి, మొదటిసారి. వదలనని నేనూ గట్టిగా పట్టుకున్నాను.

కాసేపటికి ఆయనే మెల్లగా వేళ్లు విడిపించుకున్నాడు. కొంచెం పక్కకి జరిగాడు.

మా ఇద్దరి నడుమ సోఫా మెత్తగా కుంగింది.